కొత్తకోడలి టీ

అన్నని వాడు అనకూడదు. మా చిన్నన్నని నేను అంటాను. మా మేనల్లుడి పెళ్లి రోజు నుంచి అంటున్నాను.

జొహానెస్‌బర్గ్‌లో మా చీనావాళ్ల పిల్లలకి మా కాంటనీస్ భాష నేర్పే బడి నడిపి రిటైరయ్యాడు. మా ఊరి పేరు గ్కెబెర్హా అని మారి ఏళ్లు గడిచినా వాడి నోటికి ఇంకా పోర్ట్ ఎలిజబెతే. ఆ కొత్త ఖోసా పేరు మొదట్లో ఉన్న నాలుక చప్పుడు చేస్తే పళ్లు రాలతాయనుకుంటాడో ఏమో. మా పెద్దన్న కొడుకు చీలాం పెళ్లికని ముందే దిగాడు. పెళ్లికూతురు బులెల్వా ఇక్కడి ఖోసా జాతి పిల్ల, మా కొట్టు ఉన్న వీధిలోనే పుట్టి పెరిగింది.

ఆఫీసులో సంతకాలు అయ్యాయి గానీ, మాలో పెళ్లంటే టీ. కొత్తకోడలు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా కప్పు పట్టుకుని, "లౌయే, టీ తీసుకోండి" అని మామగారిని అందరికీ వినబడేలా పిలవాలి. ఆయన తాగితేనే ఆమె ఆ ఇంటి కోడలు. ఆయన తాగకపోతే ఇంకెవరూ ముట్టరు, ఆ పిల్ల పరాయిదిగానే లేచి వెళ్లిపోవాలి. బులెల్వా రెండేళ్లు నా వంటింట్లో కూర్చుని మా భాష నేర్చుకున్నది ఆ ఒక్క కప్పు కోసమే.

చిన్నన్న టీకి ముందే పందిమాంసం పళ్లెం ముందేసుకున్నాడు. బుగ్గలనిండా కుక్కుకుని బులెల్వా తల్లి మాజ్వారా పక్కన చేరాడు.

"వదినగారూ, మా భాషలో ఒకే మాట గొంతు ఆరు ఎత్తుల్లో పెట్టి అంటే ఆరు అర్థాలండీ. దానికి చెవుండాలి. మీదేముంది, నాలుక టకటకలాడించడమే కదా! గుర్రబ్బండివాడు చేసేదీ అదే." అని ఆ నిండిన నోటితోనే టక్ టక్ మని చేసి చూపించాడు. నములుతున్న ముక్క ఒకటి ఎగిరి ఆవిడ కొత్త శాలువా మీద పడింది. ఛీ!

మాజ్వారా దాన్ని వేలితో మీటేసింది. "అవునన్నయ్యగారూ, గుర్రాలు కూడా మా మాట వింటాయి. వినని జంతువులు తక్కువ."

నాకు నవ్వొచ్చింది, వాడికి అర్థం కాలేదు. "వాళ్ల మాటకీ ఎత్తుపల్లాలున్నాయి చిన్నన్నా, ఎత్తు తప్పితే అర్థం మారిపోతుంది," అన్నాను.

"నువ్వూరుకోవే. సబ్బులూ పిండీ అమ్మడానికి నేర్చినదాన్ని భాషంటారా?"

ఆ సబ్బులూ పిండీ అమ్మిన డబ్బుతోనే వాడు చదివాడు.

తరవాత బులెల్వా వచ్చింది. ఎర్రటి చీనా గౌను, తలకి వాళ్ల పద్ధతిలో కట్టిన గుడ్డ. పెద్దన్న ముందు మోకాళ్లూని, తల బాగా వంచి, కప్పు ఎత్తి, మెల్లగా పిలిచింది. పక్కనున్న నాకు స్పష్టంగా వినబడింది. చక్కగా పలికింది.

వాళ్లలో కొత్తకోడలు మామగారి ముందు తలెత్తదు, గొంతెత్తదు. ఆయన పేరయితే చచ్చినా పలకదు. మేనత్తలు వారం రోజులు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పి పంపిన మర్యాద అది. పేరు సంగతి మాలోనూ అంతే, మామగారిని కోడలు పేరు పెట్టి పిలిస్తే మొహాన ఉమ్మినట్టే. ఆ రెండు భాషలూ కలిసిన ఈ చోటు కూడా మా పండితుడికి ఎప్పుడూ కనబడలేదు.

"వినబడలేదు! ఆ ఎత్తు తప్పింది. మళ్లీ!" అన్నాడు చిన్నన్న.

బులెల్వా మళ్లీ పిలిచింది, అంతే మెల్లగా.

"టకటకల నాలుక ఎక్కడ తిరుగుతుందిలే! నాతో పాటు అనమ్మా, లౌ... లౌ..." అని పాలుతాగే పిల్లకి నేర్పినట్టు మూతి ముందుకు పెట్టాడు. పెదాల మీద కొవ్వు మెరుస్తోంది. వెనక బల్లల దగ్గర మావాళ్లు నవ్వారు. పెళ్లికూతురు మోకాళ్ల మీద ఉండగా నవ్వారండీ, సిగ్గులేని జన్మలు!

"ఆ పిల్ల గొంతు తగ్గించింది మర్యాదకి. పెద్దన్నా, తీసుకో," అన్నాను.

పెద్దన్న చేతులు మోకాళ్ల మీదనుంచి కదల్లేదు. కోడలికివ్వాల్సిన బంగారు కడియం ఆయన పక్కనే ఉంది. చదువుకున్న తమ్ముడు సరే అంటేగానీ టీ కూడా తాగలేని మనిషి! వాడి మొహంలోకి చూసి, చివరికి, "గట్టిగా అనమ్మా. వాడు చెప్పినట్టు అను," అన్నాడు. ఆమె పక్కనే మోకాళ్లూనిన చీలాం నేలకేసి చూస్తున్నాడు. మూగమొద్దు.

బులెల్వా కప్పు పట్టుకునే లేచి నిలబడింది. తలెత్తింది. పెద్దన్న కళ్లలోకి సూటిగా చూసింది.

"ఫోక్ మన్‌హోయ్," అంది.

పెద్దన్నకి మా నాన్న పెట్టిన పేరు, ఇంటిపేరుతో సహా, హాలు చివరిదాకా వినబడేలా. ఒక్క ఎత్తు తప్పలేదు. మాజ్వారా చేత్తో నోరు మూసుకుంది. అవతలి బల్ల దగ్గర మా ముసలి పిన్ని కూడా అదే పని చేసింది. ఎవరికీ ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. చిన్నన్న దిద్దడానికి నోరు తెరిచాడు గానీ దిద్దడానికేమీ లేదు.

బులెల్వా నావైపు తిరిగి, మళ్లీ తల వంచింది. మళ్లీ గొంతు తగ్గించింది. "అత్తయ్యా, మీరు తాగండి," అని కప్పు నా చేతుల్లో పెట్టింది. తరవాత ఖోసాలో, "చీలాం, వస్తావా?" అంది.

వాడు లేచాడు. ఆ మాత్రం లేచినందుకు వాణ్ణి క్షమించాను.

వాళ్లిద్దరూ వెళ్లి తలుపు మూసుకున్నాక పెద్దన్న నా చేతిలో కప్పుకేసి చెయ్యి చాపాడు. ఇప్పుడు చాపాడు! "ఇలా తే," అన్నాడు గొణుగుతూ.

"వినబడలేదు, గట్టిగా అను," అన్నాను. టీ మొత్తం నేనే తాగేశాను.