వేలు చూపిన పిందెలు

కన్యకమ్మ నంద్యాల పిల్ల. నంద్యాల అంటే ఊరి చివర కాదు, నడిబజారు. కింద అంగడి, పైన ఇల్లు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించి ఆమె చూసిన మట్టంతా రైలు స్టేషనుకు పోయే బండ్లు లేపిన దుమ్మే. కూరగాయలు, వీధిలో అమ్ముకొచ్చే ఎస్తేరు తలమీది గంపలోనే కాస్తాయని చిన్నప్పుడు చాలాకాలం నమ్మింది.

అలాంటి పిల్లను, కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఆళ్లగడ్డలో ఇచ్చారు. అక్కడా కోమటి ఇల్లే, అంగడి వ్యాపారమే. కానీ ఇంటి వెనక దొడ్డి ఉంది, దొడ్డిలో మంచి నల్లమట్టి ఉంది, ఆ మట్టిని నమ్ముకుని తోడికోడలు రాజేశ్వరమ్మ ఉంది. కన్యకమ్మకు వచ్చిన చిక్కల్లా ఆ మూడోదానితోనే.

అన్నదమ్ములిద్దరూ పొయ్యిలు వేరు పెట్టుకుని, దొడ్డికి అడ్డంగా నడుమెత్తు మట్టిగోడ లేపి, దాని మీద కంప పేర్చుకున్నారు. అత్త కమలాక్షమ్మ మాత్రం ఎవరి వంతుకీ రాలేదు. పగలు పెద్దకోడలి దగ్గర తినేది, రాత్రి చిన్నకోడలి దగ్గర. తినేది చిన్నకోడలి చేతి ముద్ద, పొగిడేది పెద్దకోడలి చేతిని.

"రాజేశ్వరి చెయ్యి మంచిదే. ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తాది" అనేది, కన్యకమ్మ వడ్డించిన పప్పు కలుపుకుంటూ.

ఆమె ఒక్కతే అంటే సరిపెట్టుకోవచ్చు. వీధి వీధంతా అదే మాట. ఎవరింట్లో పాదు పెట్టినా మొదటి విత్తనం వేయడానికి రాజేశ్వరమ్మను పిలుచుకుపోయేవాళ్లు. ఆమె కాళ్లు కడుక్కుని, కొంగు దోపుకుని, పెండ్లికి పోయినంత బింకంగా పోయేది. శిరివెళ్లలో వాళ్ల నాయనకు కాయగూరల తోట ఉందట. అక్కడ నేర్చిన పని. కన్యకమ్మ గడపలో నిలబడి ఆ పోవడం చూసేది. చూసినప్పుడల్లా ఆమెకు కండ్లల్లో కారం పడినట్టుండేది. అత్త నోట ఆ మాట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన గురించి రావాలి. ఇంకేమీ అక్కర్లేదు. కొత్త చీర వద్దు, పుట్టింటికి పంపొద్దు. 'కన్యక చెయ్యి మంచిది' అంటే చాలు.

అందుకని మొగుడు మాధవయ్య చేత సొర విత్తనాలు తెప్పించుకుంది.

"సంతలో సొరకాయలు దొరకవా ఏంది?" అన్నాడు మాధవయ్య.

"దొరుకుతాయి. నేను కాపించాల" అంది.

మొదటిసారి తాలింపులో ఆవాలు వేసినట్టు మట్టి మీద విసిరేసింది. చీమలు పండగ చేసుకున్నాయి. రెండోసారి లోతుగా పూడ్చిపెట్టి, ఇన్నిన్ని కడవల నీళ్లు పోసింది. విత్తనాలు లోపలే మురిగిపోయాయి. తోడికోడల్ని అడగొచ్చు గదా? అడగదు. నాలుక కోసుకుంటుంది గానీ అడగదు. గోడమీంచి చూసి నేర్చుకుంది. విత్తనాలు నానబెట్టడం, గోడ మొదట్లో గుంత తీసి పెంట కలపడం, బియ్యం కడిగిన నీళ్లు పొయ్యడం, ఆకు మీద బూడిద చల్లడం అన్నీ దొంగచూపుల చదువే.

మూడోసారి మొలిచింది. ఆ రెండాకులు చూసి కన్యకమ్మ వంటింట్లో పాలు పొంగిపోతున్నా కదల్లేదు.

తీగ సాగింది. కందికట్టెలతో చిన్న పందిరి వేసింది. అది పందిరిని పట్టించుకోక గోడ పట్టుకుంది. గోడకు ఆవల రాజేశ్వరమ్మ పాదు కూడా అదే గోడ మొదట్లో ఉంది. రెండూ కంప మీద పెనవేసుకుని, ఏ ఆకు ఎవరిదో చెప్పలేనట్టు అల్లుకుపోయాయి. 'ఆమె తీగ నా పక్కకు తోసుకొస్తాంది' అనుకుని కన్యకమ్మ రోజూ పొద్దున్నే నాలుగు కొసల్ని అవతలికి నెట్టేసేది.

పూత వచ్చింది. తన వైపు వేపచెట్టు నీడలో తెల్లగా పూసేది, రాలిపోయేది. ఒక్క పిందె లేదు. గోడ అవతల మాత్రం, రాజేశ్వరమ్మ గొడ్ల కొట్టం కప్పు మీద ఎండ తగిలే చోట కాయలే కాయలు. బానపొట్టల్లా కూర్చుని కన్యకమ్మనే చూసేవి.

రాజేశ్వరమ్మ కోసినప్పుడల్లా గోడమీంచి ఒకటి అందించేది. అదీ పెద్దదాన్నే.

"ఇదిగో చెల్లీ, పులుసు పెట్టుకో" అనేది, ముఖం పక్కకు తిప్పుకుని.

'ముఖమైనా చూడదు. ముష్టి వేసినట్టు వేస్తాది' అని కన్యకమ్మ లోపల ఉడికిపోయేది. కానీ పులుసు పెట్టేది. పెట్టక చస్తుందా, అత్త చూసింది మరి. రాత్రి అత్త జుర్రుకుంటూ, "ఏం రుచి. రాజేశ్వరి చెయ్యి, మరేమనుకున్నావ్" అనేది. కన్యకమ్మకు ఆ పులుసు గొంతు దిగేది కాదు. నీళ్లు పోసింది తాను, పెంట పిసికింది తాను, గోళ్ల సందుల్లో మట్టి పోక అంగట్లో వాళ్ల ముందు చేతులు కొంగులో దాచుకున్నది తాను. మెప్పు మాత్రం ఆమెకు.

అలా ఉడుకుతుండగా ఒకరాత్రి అత్తే దారి చూపించింది. ఆమె చూపించింది వేరే సంగతి, కన్యకమ్మ తీసుకున్నది వేరే.

"నీ పాదుకు పిందె పడితే యాడుందో ఎవురికీ చెప్పొద్దు. వేలు చూపియ్యనే గూడదు. చూపిస్తే కుళ్లిపోతాది. చూపియ్యాల్నంటే వేలు మడిచి, పిడికిలితో చూపియ్యి" అంది కమలాక్షమ్మ.

కన్యకమ్మ విస్తరాకు తీస్తూ ఆగిపోయింది.

మర్నాడు దీపాలు పెట్టే వేళ, రాజేశ్వరమ్మ గేదెకు నీళ్లు పెట్టి లోపలికి పోయాక, కన్యకమ్మ బోర్లించిన రోలెక్కి గోడమీంచి చూసింది. కొట్టం కప్పు మీద కొత్త పిందెలు. లేతగా, నూగుతో, ఇంకా కొసన పువ్వు రాలనివి. అంత కోపంలోనూ అవి ముద్దొచ్చాయి. ముద్దొచ్చాయి గనక ఇంకా మండింది. కుడిచెయ్యి చాచి, చూపుడు వేలు నిటారుగా పెట్టి, ఒక్కొక్కదాన్ని చూపించింది. నిన్ను, నిన్ను, ఆకు చాటున దాక్కున్నావే, నిన్నూ. రోలు దిగి చేతులు కడుక్కుంది. ఆ రాత్రి ఆమెకు కడుపునిండా అన్నం సయించింది.

తర్వాత ముసురు పట్టింది. ఎండ కానరాలేదు. వాన వెలిశాక చూస్తే పిందెలు పచ్చబడి, మెత్తబడి, నల్లటి నీరు కారుతున్నాయి. తీగ కూడా ఉసూరుమంటోంది. వాన వల్లనో, వేలు వల్లనో. కన్యకమ్మకు మాత్రం అనుమానమే లేదు. తన వేలును తానే చీరకుచ్చిళ్ల చాటున పెట్టుకుని మురిసిపోయింది.

"అయ్యో, పాపం అక్క పాదు" అంది అత్తతో.

"తీగ తీసెయ్యాల. పురుగు పడితే కొట్టం కప్పంతా పాడైతాది" అంది కమలాక్షమ్మ.

"నేను పీకుతా అత్తా. అక్కకు ఎందుకు శ్రమ."

కొంగు బిగించి గోడ చుట్టి అవతలి దొడ్లోకి పోయింది. ఏడాదిగా ఇంత హుషారుగా ఏ పనికీ పోలేదు. అత్త వెనకే వచ్చింది. రాజేశ్వరమ్మ వంటింట్లోంచి గబగబా బయటికి వచ్చింది, చేతికి పిండి అట్లే ఉంది.

"వదిలెయ్ చెల్లీ. నేను చూసుకుంటాలే."

"నువ్వుండక్కా."

"వదిలెయ్ అంటాండా గదా."

'ఇప్పుడు చూడు రోషం' అనుకుంది కన్యకమ్మ. కప్పు మీంచి వేలాడుతున్న తీగను రెండు చేతులా పట్టి లాగింది. సగం జారింది. గోడ దగ్గర బిగుసుకుంది. కాలు గోడకు తన్ని పెట్టి, పండ్లు బిగించి, లోపలున్న ఉడుకంతా చేతుల్లోకి తెచ్చుకుని మళ్లీ లాగింది. గోడ అవతల ఏదో పటపటా విరిగింది. తీగ ఒక్కసారిగా వదులై, కంప మీదుగా జరజరా వచ్చి, కొసన మట్టిముద్దతో సహా ఆమె కాళ్ల దగ్గర పడింది.

ఆ మట్టిలో పెంట కలిసి ఉంది. పాదు మొదట్లో నీళ్లు నిలవడానికి తాను చుట్టూ గుచ్చిన పెంకుముక్క ఒకటి వేర్లలో ఇరుక్కుని ఉంది. కన్యకమ్మ దాన్ని గుర్తుపట్టింది. నంద్యాల నుంచి తెచ్చుకున్న ఊరగాయ జాడీ పగిలితే ఆ ముక్కలే గుచ్చింది.

కమలాక్షమ్మ గోడమీంచి తొంగిచూసింది. అవతల కన్యకమ్మ పందిరి కూలిపోయి ఉంది, పాదు గుంత ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. ఇవతల గోడ మొదట్లో, బోర్లించి ఉన్న పాత కుండ తీగ తగిలి దొర్లిపోయి, దాని కింద ఎండుమోడైన రాజేశ్వరమ్మ పాదు బయటపడింది.

"ఏందే ఇది?" అంది అత్త.

రాజేశ్వరమ్మ తల ఎత్తలేదు. "నాది పురుగు తినిపోయి చానా దినాలాయె అత్తా. చెప్పాల్ననే ఉండె. నువ్వు చెయ్యి మంచిదని అందరి ముందర అంటాంటివి. నోరు రాలే." కన్యకమ్మ వైపు తిరిగింది. "అందుకే చెల్లీ, కోసిందాంట్లో పెద్దది నీకే ఇస్తా వచ్చినా."

కన్యకమ్మకు తిట్లు నోటిదాకా వచ్చాయి. కానీ ఆమె వేర్ల వైపే చూస్తోంది. తెల్లటి చిన్న చిన్న వేర్లు, ఇంకా తడిగా ఉన్నాయి.

కమలాక్షమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత కన్యకమ్మ మట్టి చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"అంటే ఇన్నాళ్లు మేం తిన్నియ్యన్నీ నీ చేతి కాయలా? నీ చెయ్యి మంచిదే కన్యకా. శానా మంచిది."

వచ్చింది మాట. ఏడాదిగా ఎదురుచూసిన మాట, అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. కన్యకమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. అత్త అది సంతోషం అనుకుంది.

"ఇంత కాపు కాసే తీగకు ఎవురి కుళ్లు తగిలిందో" అని కమలాక్షమ్మ నిట్టూర్చి, కొంగు దోపుకుంది. "కప్పు మీద తెగిపడినవి యాడ యాడ ఉండాయో చూపియ్యే. కుళ్లినవి ఏరి పారేస్తా."

కన్యకమ్మ చెయ్యి ఎత్తింది. చూపుడు వేలు మడుచుకుంది. పిడికిలితో కప్పు వైపు చూపించింది.

"ఇంగ పిడికిలెందుకే? కుళ్లినోటికి వేలు చూపిస్తే ఏమైతాది" అంది అత్త.

ఆ వేలు తెరుచుకోలేదు. రాజేశ్వరమ్మ ఆ పిడికిలిని చూసింది, కన్యకమ్మ ముఖం చూసింది, మళ్లీ పిడికిలిని చూసింది. వంగి, కాళ్ల దగ్గర పడిన తీగను ఒక పక్కనుంచి చుట్టడం మొదలుపెట్టింది.