నోట్లో లేని నొప్పి

పొద్దున్న ఏడయ్యేసరికి కాజాలావిడ కిటికీ పక్కన కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, చొక్కాలకి కాజాలు కుట్టడం మొదలుపెట్టేది. రోజుకి పది చొక్కాలు, చొక్కాకి ఏడు కాజాలు. మేడ మీద గదిలో అద్దెకుండే నర్సు చదువు పిల్ల గబగబా మెట్లు దిగుతూ "వెళ్ళొస్తా పెద్దమ్మా" అనేది.

"తిన్నావా?" అని ఆవిడ తలెత్తకుండానే అడిగేది. తినలేదని ఆవిడకీ తెలుసు. బల్ల మీద మూతపెట్టిన గిన్నె ఉండనే ఉండేది.

ఆ పిల్ల సముద్రం దాటి పరాయి దేశం వచ్చింది. ఆ దేశపు పుస్తకాల భాష గడగడా వచ్చు, ఎముకల పేర్లన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. కానీ మంచం మీది మనిషి "సలుపుతోందమ్మా" అంటే దిక్కులు చూసేది. ఆఖరి పరీక్షేమో అదే. రోగి చెప్పింది విని, ఆ మాటలోనే తిరిగి చెప్పి, రాయాలి. ఆ ఆసుపత్రిలో రోగి నోటితో అన్నదే కాగితం మీదకి ఎక్కుతుంది, పక్కవాళ్ళు ఎంత మొత్తుకున్నా చెల్లదు. పిల్ల రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే పెట్టె సర్దుకోవడమే, ఆ దేశం గడప మళ్ళీ తొక్కనివ్వరు.

రెండోసారి తప్పిన సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే కాజాలావిడ సూదిని గుడ్డకి గుచ్చి లేచింది.

"ఏ మాట దగ్గర ఆగిపోయావే?"

"మంచం మీదాయన మోకాలు పట్టుకుని ఏదో అన్నాడు పెద్దమ్మా."

"ఓస్, అంతేనా! చెప్పులాయన్ని పిలు."

ఎదురింటి చెప్పులాయన వచ్చి, గొంతు సవరించుకుని, అరచేతిలోకి దగ్గాడు. చింతగింజంత మాట పడింది. "కడుక్కో అమ్మాయ్, పొగాకు కంపు కొడుతుంది" అని చేతిలో పెట్టాడు. పిల్ల కడిగి నాలుక కింద పెట్టుకుంది. ఆ క్షణం నుంచి సలుపు అన్న మాట ఆ పిల్ల సొంతం. ఇచ్చేసిన మాట ఇచ్చినవాళ్ళ నోట్లో మళ్ళీ మొలవదు కాబట్టి, చెప్పులాయన మోకాలు పీకినప్పుడల్లా దాన్ని చరుచుకుని "ఇదిగో, ఇదీ!" అని ఊరుకునేవాడు. రొట్టెల కొట్టాయన కడుపులో మంట ఇచ్చాడు. బస్సు డ్రైవరు నడుం పట్టేయడం ఇచ్చేసి, డాక్టరు దగ్గర వంకరగా నడిచి చూపించేవాడు. వీధి వీధంతా నవ్వుకుంది.

ఆఖరున కాజాలావిడ దగ్గింది. పెద్దగా వాడని మాటలేమో, నొప్పి, పోటు, ఆయాసం అన్నీ ఒకే ముద్దగా అంటుకుని వచ్చాయి.

"ఇవి ఉంచుకో పెద్దమ్మా."

"నాకెందుకే? గుండ్రాయిలా ఉన్నాను. మా ఆయన పోయిననాడు వాడాను, మళ్ళీ పనిపడలేదు."

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మంచివాళ్ళకి ముందుచూపు ఎందుకుండదో!

మూడో పరీక్ష రోజు పొద్దున్న బల్ల మీద గిన్నె లేదు, కిటికీ పక్కన మనిషీ లేదు. ఏ బజారుకో వెళ్ళి ఉంటుందనుకుని పిల్ల ఆసుపత్రికి పరుగెత్తింది.

పరీక్ష పెట్టే పెద్ద నర్సమ్మ కిటికీ పక్క మంచం చూపించింది. "తెల్లారగట్ల తనే నడిచి వచ్చింది. ఎడమ పక్క చెయ్యి వేసి చూపిస్తుందే తప్ప నోరు విప్పదు. చెయ్యి చూపిస్తే రాయడానికి కాగితంలో గడి లేదు. బాధేమీ లేదని రాసి మధ్యాహ్నం పంపించేస్తున్నాం. నువ్వడిగి చూడు."

మంచం మీద కాజాలావిడ. ముఖం సున్నం కొట్టినట్టుంది. దుప్పటి అంచుని వేళ్ళతో గట్టిగా పట్టుకుంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఇక్కడ..." నోరు తెరిచింది, మూసింది.

"ఈవిడకి గుండెలో పోటండీ!" అని పిల్ల అరిచింది.

"నువ్వు చెప్తే చెల్లదమ్మా. ఇంకోసారి అందిస్తే సున్నా వేస్తాను."

ఆ ముద్ద తిరిగి ఇచ్చేస్తే పిల్ల చదువు అక్కడితో సరి. ఇవ్వకపోతే మధ్యాహ్నానికి ఈవిడ ఇల్లు చేరుతుంది, సాయంత్రానికి ఉండదు. అటు తిరిగి అరచేతిలోకి దగ్గింది. ముద్ద పడింది.

కాజాలావిడ చూసి, వద్దని తల ఊపి పళ్ళు బిగించింది. పిల్ల చంటిపిల్లకి మందు పోసినట్టు బుగ్గలు నొక్కి నాలుక కింద పెట్టేసింది.

"పోటు," అంది కాజాలావిడ అందరికీ వినిపించేలా. "ఎడమ పక్క పోటు. ఊపిరాడటం లేదు."

డాక్టర్లు ఉరికారు. మంచాన్ని ఉన్నపళంగా తోసుకుపోయారు. పెద్ద నర్సమ్మ కలం తీసింది. "రోగి ఏమంది?"

పిల్ల పెదవులు కదిలాయి. విన్నది, కానీ అది వట్టి చప్పుడు. పెద్ద నర్సమ్మ సున్నా వేసింది.

కాజాలావిడ బతికింది. పన్నెండో రోజున పిల్ల పెట్టె సర్దుకుని, వీధిలో ఎవరి మాట వాళ్ళకి ఇచ్చేసింది. చెప్పులాయన తీసుకోనని గొడవపడి, ఏడుస్తూ తీసుకున్నాడు. బస్సు డ్రైవరు ఆ పెట్టెని తన సీటు పక్కనే పెట్టుకున్నాడు.

బస్సు కదిలేటప్పుడు కాజాలావిడ తన ఇంటి కిటికీలోంచి వంగి, ఎడమ పక్క చెయ్యి వేసుకుని, తిరిగొచ్చిన ఆ ముద్దలోంచి ఒక మాట గట్టిగా అంది. పిల్లకి అర్థం కాలేదు. చల్లగా ఉండమని దీవిస్తోంది కాబోలనుకుని, నవ్వుతూ చెయ్యి ఊపింది.