పనివాళ్ల బలం

కాకతీయులు మళ్లీ చచ్చారు.

గల్ఫ్‌లో, జిదాఫ్స్ బజారులో మొబైల్ షాపు మీద ఇమ్తియాజ్ నడిపే నెట్ సెంటర్ ఉంది. దాంట్లో మూల కంప్యూటర్ ముందు కూర్చుని కిషన్ అంతా చూశాడు. అనుమకొండ పోయింది, ఎల్గందుల పోయింది, చివరికి ఓరుగల్లు తగలబడింది. ఈ నాగరికత నశించింది అని తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. కిషన్ మౌస్‌ను బల్లకేసి కొట్టాడు.

"అరే భాయ్, మౌస్ ఏం జేసింది నీకు?" అన్నాడు ఇమ్తియాజ్ కౌంటర్ దగ్గర్నించి. కోరుట్ల మనిషి. తెలుగులో తిడతాడు, ఉర్దూలో ఓదారుస్తాడు. "మళ్ల పోయిన్రా మీ రాజులు?"

"పోయిన్రు."

శుక్రవారం. జుమ్మా నమాజు ఇప్పుడే అయింది. పొద్దు వాలాక అసర్ నమాజు వేళకు కంపెనీ బండి కిందికొచ్చి ఆగుతుంది, కిషన్ ఎక్కాలి. రాత్రికి విమానం. వీసా రద్దు చేశారు, పాస్‌పోర్టు డ్రైవర్ దగ్గరుంది.

చేసిన నేరం ఏమిటంటే నీళ్లడిగాడు. పనివాళ్లుండే క్యాంపుకి వచ్చే ట్యాంకర్ నీళ్లు ఉప్పగా, తుప్పు వాసనతో ఉంటాయి. తాగితే కడుపు పట్టేసేది. షట్టరింగ్ పనివాళ్లంతా పని ఆపి గేటు దగ్గర కూర్చున్నారు, ముందు కూర్చున్నవాడు కిషన్. కంపెనీ ఒకటే మాట చెప్పింది: సారీ అని హెల్మెట్ తీసుకున్నవాడు డ్యూటీకి, తీసుకోనివాడు ఇంటికి. ఒక్కొక్కరే లేచి తీసుకున్నారు. కిషన్ పక్క మంచం ముత్యం కూడా తీసుకున్నాడు. కిషన్ తీసుకోలేదు.

ఆ ముత్యమే ఇప్పుడు ఖాళీ అట్టపెట్టె పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఇంటికి పోయేవాడు సామాన్ కొనుక్కోవాలని సూపర్‌వైజర్ ఇచ్చిన టైం ఇది. కిషన్ బజారు మొహం చూడకుండా తిన్నగా ఇక్కడికొచ్చాడు.

"అన్నా, గా ఆట ఇడిసిపెట్టే. ఒక్క సబ్బు గూడ కొనకపోతివి. దుబాయి నుంచి ఉత్త చేతులతోని ఎవడన్న పోతడా? ఊరోళ్లు నవ్వుతరు."

"నవ్వనియ్."

ఆ ఆట రాజ్యాలు కట్టే ఆట. దాంట్లో ఈజిప్టు ఉంది, రోము ఉంది, చైనా ఉంది. ఊళ్లు కట్టాలి, పొలాలు దున్నించాలి, యుద్ధాలు చెయ్యాలి. ఆటలో లేని నాగరికతను ఆడేవాళ్లే తయారుచేసి కలుపుకోవచ్చు. దానికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి, లోపలుండేవి మాటలూ అంకెలే. ఊరి పేరు ఇది, సైనికుడి బలం ఇంత, పొలం పంట ఇంత. ఊళ్లో కంప్యూటర్ సెంటర్లో ఆర్నెల్లు నేర్చుకున్నది పెట్టుకుని కిషన్ రెండేళ్ల శుక్రవారాలు ఇందులో పోశాడు. చెడిపోయిన కంప్యూటర్లు బాగుచేసి ఇస్తాడు, బదులుగా ఇమ్తియాజ్ ఈ మూల కంప్యూటర్ వదిలేస్తాడు.

ఓరుగల్లు కోట బొమ్మ తనే గీశాడు. ఊళ్ల పేర్లు రాసేటప్పుడు క్యాంపంతా మీదపడ్డారు, మా ఊరు పెట్టు మా ఊరు పెట్టు అని. ముత్యం వాళ్ల మల్లన్నపేట కూడా పెట్టాడు. అన్నిటికన్నా మనసుపెట్టి చేసింది చెరువు. ఏ రాజ్యానికీ లేని కట్టడం అది. ఒక్క చెరువు తవ్వితే చుట్టూ ఉన్న పొలమంతా రెట్టింపు పండుతుంది. బోర్లు ఎండిన ఊరి నుంచి వచ్చినవాడు చెరువుకి బలం తక్కువ పెడతాడా?

చిక్కంతా అక్కడే వచ్చింది. ఈ ఆట పిచ్చి ఉన్నవాళ్ల ఫోరం ఒకటుంది ఇంటర్నెట్‌లో. మంచి నాగరికతలను ఏరి ఒక్క మూటగా విడుదల చేస్తున్నారు, వేలమంది దించుకుంటారు. షరతు ఏమిటంటే, కంప్యూటర్ తనకు తాను ఆడుకుంటే ఆ నాగరికత రెండు వందల వంతులు, అంటే టర్న్‌లు, చావకుండా నిలవాలి. గడువు ఈరోజే, అసర్ దాటిన కాసేపటికి. తర్వాత తలుపు మూత. కిషన్ ఊళ్లో కంప్యూటర్ లేదు, పగలంతా కరెంటు ఉండదు. ఇవాళ పోతే ఇక పోయినట్టే.

కంప్యూటర్‌కి లాభం ఎక్కడుంటే అక్కడికి పోవడమే తెలుసు. చెరువులో లాభం ఉంది. అందుకని కాకతీయులు తవ్వుతారు, తవ్వుతారు, తవ్వుతూనే ఉంటారు. ఒక్క సైనికుణ్ణి తయారుచెయ్యరు. పక్క రాజు ఊరికే నడిచొస్తాడు.

"చెరువు తగ్గించు భాయ్," అన్నాడు ఇమ్తియాజ్ కుర్చీ లాక్కుని. "సగం జెయ్. అప్పుడు ఫౌజ్ తయారైతది."

"తగ్గించ."

"టైం ఎంతుంది నీకు? యల్లా, జెయ్."

చేశాడు. పంట అంకె సగానికి కోసి ఆట మళ్లీ నడిపించాడు. ఈసారి కాకతీయులు సైన్యం తీశారు. కానీ ఊళ్లల్లో కరువు గుర్తు ఎర్రగా వెలగడం మొదలైంది. తిండి చాలని రాజ్యం పక్కవాళ్ల ఊళ్ల మీద పడి తగలబెట్టి తింటోంది.

"అన్నా, గది మా మల్లన్నపేటేనా?" ముత్యం తెర మీద వేలుపెట్టాడు. "ఎర్రగ ఎందుకు కొట్టుకుంటున్నది?"

"కరువు."

"ఏందే! ఆటల గూడ మాకు నీళ్లు లేకుంట జేస్తివా? నేన్జేసిన పాపమేంది?"

ఇమ్తియాజ్ పగలబడి నవ్వాడు. కిషన్ నవ్వలేదు. ఆట మధ్యలోనే ఆపి పంట అంకె మళ్లీ మొదటికి తెచ్చాడు. నీళ్లడిగి ఉద్యోగం పోగొట్టుకుని, ఇక్కడ కూర్చుని నీళ్లు కోస్తున్నాడు. థూ.

ఫైళ్లన్నీ పైనుంచి కిందికి గీకుతూ పోయాడు. గుర్రాల దళం, బలం ఆరు. విలుకాడు, మూడు. కోటను కాచేవాడు, నాలుగు. ఆ తర్వాత పనివాడు. ఆటలో చెరువు తవ్వేదీ పొలం దున్నేదీ రోడ్డు వేసేదీ వాడే. కిషన్ వాడి సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు, అసలు ఆటలో ఉన్న ఫైలునే యథాతథంగా తెచ్చుకుని తల మీద పాగా మాత్రం గీశాడు.

బలం: సున్నా.

శత్రువు పక్కకొచ్చి నిలబడితే చాలు, పనివాడు దొరికిపోతాడు. పోట్లాడడు. ఆ క్షణం నుంచి వాడి చేత్తోనే వాడు తవ్విన చెరువుకి అవతలి రాజు గండి కొట్టిస్తాడు. రాజ్యంలో మూడొంతులు వీళ్లే. అందరూ సున్నాలు.

"నీ యవ్వ," అన్నాడు కిషన్ మెల్లగా. "ఇండ్లు గట్టిచ్చుకున్నరు, రోడ్లేయిచ్చుకున్నరు, బలం సున్న వెట్టిన్రు."

"వర్కర్లు కొట్లాడరు భాయ్. ఏ రాజ్యంల గూడ కొట్లాడరు, అది రూలు."

"గడ్డపార ఉన్నది చేతుల. ఎందుకు కొట్లాడడు?"

సున్నా చెరిపి రెండు పెట్టాడు. విలుకాడికన్నా తక్కువే. ఆట మళ్లీ నడిపించాడు.

ముగ్గురూ తెర మీదికి వంగారు. పక్క రాజు వచ్చాడు. చెరువు గట్టు మీద పాగా కట్టుకున్న బొమ్మ దొరికిపోలేదు, నిలబడింది. చచ్చింది. వెనక ఇంకొకటి నిలబడింది, అదీ చచ్చింది. మూడోది చావలేదు. గుర్రం వెనక్కి మళ్లింది. వంద వంతులు దాటాయి. అనుమకొండ చుట్టూ శత్రువు దిగాడు, పొలాల్లోంచి పనివాళ్లు ఒక్కొక్కరే ఊరివైపు కదిలారు. ముత్యం అట్టపెట్టె కింద పడేసి కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు. రెండు వందల వంతు వచ్చేసరికి రాజ్యం చిన్నదైపోయింది, కానీ ఉంది. మల్లన్నపేట ఉంది.

కిషన్ ఫైళ్లు ఫోరంకు ఎక్కించాడు. కింద హారన్ మోగింది. డ్రైవర్ పేరయ్య గోదావరి జిల్లా మనిషి, గొంతు రెండు సందులకు వినిపిస్తుంది. "ఏమయ్యా కిషనూ! దిగవయ్యా బాబూ, విమానం నీకోసం కాసుకుని కూర్చుంటాదా?"

"వస్తున్న!"

ఫోరం పెద్ద ఆ సమయానికి ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు. జవాబు వచ్చింది. పని బాగుంది, చెరువు చాలా బాగుంది. కానీ పనివాళ్లకు బలం ఉండకూడదు, ఆట చెడిపోతుంది. సున్నా పెట్టి పంపు, ఒక్క నిమిషం పని. ఎలాగూ బాగా కట్టావు కాబట్టి రెండు వందల షరతు నీకు వదిలేస్తాను.

కిషన్ దాన్ని రెండుసార్లు చదివాడు. బయట అజాన్ మొదలైంది.

"అరే వా!" అన్నాడు ఇమ్తియాజ్. "షరతు గూడ మాఫ్ జేసిండు. పెట్టు భాయ్, జల్ది!"

కిషన్ ఫైలు తెరిచాడు. రెండు చెరిపాడు. సున్నా కొట్టాడు. వేలు సేవ్ మీద ఆగిపోయింది.

"వెట్టే అన్నా," ముత్యం గొంతు సన్నగా వచ్చింది. "ఒక్క సున్ననే గద. నేను వెట్టుకోలే? సారీ అన్న, టోపీ వెట్టుకున్న, రేపు డ్యూటీకి పోత. ఏమైంది? సచ్చిన్నా?"

కిషన్ తిరిగి అతని మొహం చూశాడు. ముత్యం తల దించుకున్నాడు.

సేవ్ చెయ్యకుండా ఫైలు మూసేశాడు కిషన్. ఫోరంలో తనకొచ్చిన ఇంగ్లీషులో రాశాడు: తప్పు కాదు, కావాలనే పెట్టాను, మార్చను.

"పాగల్!" ఇమ్తియాజ్ లేచి నిలబడ్డాడు. "రెండేండ్ల మెహనత్! సరే, నువ్వు పో. నువ్వు పొయినంక నేనే పెట్టి పంపుత. పేరు నీదే ఉంటది గద."

"పంపకు."

"ఎవనికి తెలుస్తది భాయ్?"

"పంపకు ఇమ్తియాజ్ భాయ్. నీ కాళ్లు మొక్కుత, పంపకు." కంపెనీ ముందు వంగని మనిషి నిజంగానే వంగి అతని కాళ్లు పట్టుకున్నాడు. ఇమ్తియాజ్ బెదిరిపోయి వెనక్కి జరిగాడు. సరే అని మాత్రం అనలేదు.

అనలేదు కాబట్టి కిషన్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. కింద హారన్ ఆగకుండా మోగుతోంది. పేరయ్య తిట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి భుజం పట్టి లాగాడు. కిషన్ బల్ల అంచు వదల్లేదు. ఒక చేత్తో కీబోర్డును ఛాతీకి హత్తుకుని, రెప్ప వెయ్యకుండా ఫోరం పేజీనే చూస్తూ కూర్చున్నాడు, గడువు దాటి ఇక ఎవరూ ఏదీ పంపడానికి వీల్లేదని అక్కడ పడేదాకా.

పడింది. కీబోర్డు బల్ల మీద పెట్టి, చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, లేచి పేరయ్యకన్నా ముందే మెట్లు దిగాడు.