కొసరు ఊపు

చూలై పేటలో ధర్మలింగం శెట్టి మిరపకాయల కొట్టు తెరిచాక ముందు వాకిట్లో నీళ్ళు చల్లాలి. ఆ తర్వాత సాంబ్రాణి పొగ వెయ్యాలి. అప్పుడే గోతాల మూతులు విప్పుతారు. ఆ వీధిన పోయేవాళ్ళు కొట్టు ముందుకొచ్చేసరికి ఒక తుమ్ము తుమ్మి పోతారు, అది మామూలే. ఏళ్ళ తరబడి ఆ ఘాటులో కూర్చున్న మనిషి రొమ్ము ఏమైపోయిందో మాత్రం ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. చెప్పకపోవడం మగవాళ్ళకి అదో గొప్ప.

తొంభై నాలుగు ఎండాకాలంలో ఆయన మిద్దె మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. పైకి పోలేడు, కిందికి రాలేడు. భార్య వాసవాంబ తెచ్చిన వేణ్ణీళ్ళు తాగి, "ఏం లేదులే, ఎండ" అన్నాడు. డాక్టరు ఎండ అనలేదు. రొమ్ము సగం మూసుకుపోయింది, దమ్ము పెంచుకోకపోతే ఏడాది గడవడం కష్టం అన్నాడు.

దమ్ము పెంచే మనిషి వెనక సందులోనే ఉన్నాడు. ఆనందన్ అని, కసరత్తు సాల నడిపేవాడు. ఆయనొచ్చి, కొట్టంతా కలయజూసి, బల్ల కిందున్న పదికిలోల ఇనుప తూకపు గుండు బయటికి లాగాడు. పైన పట్టుకోను కడ్డీ ఉంటుందే, ఆ రకం. కరెంటు కాటా వచ్చాక దాన్ని పట్టించుకున్నవాళ్ళే లేరు.

"శెట్టియారే, మీకు మందు ఇదే. రెండు చేతుల్తో పట్టుకుని కాళ్ళ సందులోంచి వెనక్కి పోనియ్యండి. అక్కణ్ణించి నడుముతో విసరాలి, రొమ్ము ఎత్తు దాకా. చేత్తో ఎత్తితే దండగ. ఆడిమాసం, అదే మీ ఆషాఢం, పూర్తయ్యేలోగా పదివేల ఊపులు. పందెం అనుకోండి."

ధర్మలింగం నాలుగు ఊపులు ఊపి గోడకి ఆనుకున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. కూతురు ఇంద్రజ ఆ గుండు ఆయన చేతిలోంచి తీసుకుంది.

"నువ్వు కూర్చో నాయనా. నీ పేరు మీద నేను ఊపుతా."

ఇందులో వింతేమీ లేదు. గుళ్ళో అర్చన ఇంకొకరి పేరున చేయిస్తాం, మొక్కు ఇంకొకరి కోసం తీరుస్తాం. ఊపూ అంతే. పేరు, గోత్రం, నక్షత్రం చెప్పి ఊపితే ఆ దమ్ము చేరాల్సిన వాళ్ళకి చేరుతుంది. ఆనందన్ కూడా, "సరి, ఎవరు ఊపితే ఏమి, పందెం పందెమే" అని టీ తాగి పోయాడు.

ఇంద్రజ రోజూ పొద్దున్నే మిద్దె మీదికెక్కి, తండ్రి పేరు చెప్పి మొదలుపెట్టేది. కొట్టు లెక్కలో ఒకటి అనరు గదా, "లాభం, రెండు, మూడు" అని. వందకొకసారి గుండు దించి చెమట తుడుచుకునేది. మొదట్లో అరచేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది. కిందేమో ధర్మలింగం దగ్గు తగ్గింది. ఆడి సగమయ్యేసరికి మెట్లు ఆగకుండా ఎక్కాడు. ఆడి చివర్లో గోతం తనే ఈడ్చుకొచ్చి, సరుకు కొనను వచ్చినాయన చూడాలని రెండోసారి కూడా ఈడ్చాడు.

"మా ఇంటాయనకీ ఒక వంద ఊపవే ఇందూ, మార్కెట్టు దాకా నడిచేదానికే ఏడుస్తాడు," అంది ఎదురింటి పంకజం.

"నువ్వే ఊపు పంకజత్తా, నీకూ కాస్త ఒళ్ళు తగ్గుతాది," అంది ఇంద్రజ. పంకజం వారం రోజులు మాట్లాడలేదు.

పదివేలూ పూర్తయ్యాయి. అప్పుడు ఆపేసి ఉంటే బాగుండేది. ఆపితే తండ్రి మళ్ళీ దగ్గుతాడేమోనని ఆ పిచ్చిపిల్ల ఆపలేదు. కార్తీకం దాకా ఊపుతూనే ఉంది.

ఇంద్రజ ఉద్యోగం కోడంబాక్కంలో. అరవ సినిమాలు తెలుగులోకి మార్చే చోట గొంతు ఇచ్చేది. దేవత వేషాలన్నీ ఆమెకే. దేవతలు శపించడం మొదలుపెడితే మధ్యలో ఊపిరి తీసుకోరు కదా, మూరెడు శాపమైనా ఇంద్రజ ఒక్క గుక్కలో చెప్పేసేది. అలాంటిది, ఒకరోజు శాపం సగంలో తెగిపోయింది. మళ్ళీ చెప్పింది, మళ్ళీ తెగింది. రోజంతా అదే తంతు. ఆ వేషం ఇంకో అమ్మాయికి ఇచ్చి, ఇంద్రజని 'ఊఁ', 'అలాగే' అనే చిన్న మాటలకి కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి మిద్దె మెట్ల మధ్యలో కూలబడింది. ఇరవైయారేళ్ళ పిల్ల.

"జలుబు చేసినట్టుంది," అంది తల్లితో. అబద్ధాలాడ్డంలో అచ్చం తండ్రే.

మర్నాడు ఉదయం ధర్మలింగం మెట్ల కింద నిలబడి విన్నాడు. ఊపు వెంట ఊపు, లెక్క వెంట లెక్క. వంద అయింది. గుండు దిగలేదు. లెక్కలో లేని ఊపు ఇంకొకటి గాల్లోకి లేచి, అప్పుడు దిగింది. ఆయన పైకెళ్ళాడు.

"వందయినాక ఇంకోటి ఊపినావే, అదేంది?"

"కొసరు నాయనా," అంది ఇంద్రజ, రొప్పుతూ. "చెయ్యి ఊరుకోదు. పావుకిలో మిరపకాయలైనా కొసరు లేకుండా పొట్లం కట్టొద్దని నువ్వే గదా నేర్పించినావు."

"మొదట్నుంచీనా?"

"ఆఁ. ప్రతి వందకీ."

"దానికి నా పేరు చెప్తావా?"

"కొసరుకి పేరెందుకు నాయనా?"

ధర్మలింగం పిట్టగోడ పట్టుకున్నాడు. తూకం వేసిన సరుకుకి లెక్క ఉంటుంది. కొసరు అలా కాదు, అమ్మేవాడి మూటలోంచి పోతుంది. తన రొమ్ములో కూతురు కష్టపడి చేసిన దమ్ముతో పాటు, ఆమె పుట్టుకతో తెచ్చుకున్న ఊపిరి కూడా పిడికెడు పిడికెడు చొప్పున వచ్చి చేరిందని ఆయనకి అర్థమైంది. కొట్లో పుట్టిన పిల్ల గనకనే ఈ తప్పు చేసింది. ఇంకే పిల్లయినా వందకి ఆపేసి ఉండేది.

"ఇంక ఊపొద్దు," అన్నాడు. ఇంద్రజ వాదించలేదు. వాదించేందుకు ఊపిరి లేదు.

ఆపినా పోయింది తిరిగి రాలేదు. కొసరు వెనక్కి తీసుకునే కొట్టు ఎక్కడుంది? మార్గశిరం వచ్చేసరికి ఆమె తల దువ్వుకోవడానికి మధ్యమధ్యలో ఆగాల్సి వచ్చేది. కూతురి గదిలోంచి వచ్చే ఆ ఈల లాంటి చప్పుడు ధర్మలింగానికి బాగా తెలిసిందే. నిన్నమొన్నటి దాకా అది ఆయన రొమ్ములోదే.

ఒక ఉదయం, ఇంద్రజ చిన్న మాటలు చెప్పడానికి కోడంబాక్కం పోయాక, ఆయన కొట్టు తెరవలేదు. గుండు తీసుకుని మిద్దె ఎక్కాడు.

"లెక్క నువ్వు పెట్టు, ఈసారి కొసరు నాది," అన్నాడు వాసవాంబతో.

"పెట్టను. నాకు తెలీదనుకుంటా ఉండారా మీరేం చెయ్యబోతా ఉండారో?"

"నువ్వు పెట్టకపోతే నేను లెక్క తప్పుతా. తప్పితే మొదట్నుంచీ ఊపాల. అంత లేదే నా దగ్గర."

వాసవాంబ కొంగు నోటికడ్డం పెట్టుకుని, కూతురి పేరు, గోత్రం, నక్షత్రం తనే చెప్పింది. ధర్మలింగం గుండు ఎత్తాడు. "లాభం," అంది వాసవాంబ. ఆ మాట అనడానికి ఆమెకి ప్రాణం పోయినంత పనయింది. ఆపమని ఒక్కసారి కూడా అనలేదు. అంటే కూతురు పోతుంది, అనకపోతే మొగుడు పోతాడు. ఏ ఆడదానికీ అలాంటి లెక్క అప్పజెప్పకూడదు.

కోడంబాక్కంలో ఇంద్రజ 'అలాగే' అనాల్సిన చోట 'అలాగే' అంది. ఆ గొంతుకి గదిలో అద్దం అదిరింది. అద్దం వెనక గొంతులు రికార్డు చేసే ఆయన లేచి నిలబడ్డాడు. "ఏమ్మా, గొంతు తిరిగొచ్చిందే. రేపట్నుంచి దేవత వేషం నీదే," అన్నాడు. ఇంద్రజ సంచి కూడా తీసుకోకుండా బయటికి పరుగెత్తింది.

రైలెక్కి ఎగ్మూరులో దిగింది. ఆటో కోసం ఆగలేదు. చూలై దాకా పరుగే. వంతెన ఎక్కింది, దిగింది, సైకిళ్ళ మధ్యలోంచి దూరింది, ఎక్కడా ఆగలేదు. ఆయాసం వస్తుందేమోనని, రావాలని, అడుగడుగునా ఎదురుచూసింది. రాలేదు. ఆయాసం రానందుకే ఏడుపొచ్చింది.

ధర్మలింగం మిద్దె మీద పిట్టగోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని ఉన్నాడు. తల వాసవాంబ భుజం మీద ఉంది. కూతురి అడుగుల చప్పుడికి కళ్ళు తెరిచాడు.

"పరుగెత్తినావా?"

"ఆఁ నాయనా."

"ఎక్కణ్ణించి?"

"ఎగ్మూరు నుంచి."

"ఆయాసం?"

ఇంద్రజకి అబద్ధం చెప్పాలనిపించింది. రొప్పుతున్నట్టు నటించాలనుకుంది. నటించడం ఆమె ఉద్యోగమే. కానీ రొమ్ము ఆమె మాట వినలేదు, నిండుగా, నెమ్మదిగా లేచి దిగుతోంది. ధర్మలింగం దాన్నే చూస్తున్నాడు.

"లేదు," అంది.

ఆయన సరేనన్నట్టు తలాడించాడు. అంతే, మళ్ళీ ఊపిరి తీసుకోలేదు.

ఇంద్రజ ఆయన పాదాల మీద పడి గొంతెత్తింది. పంకజం పరుగెత్తుకొచ్చింది, వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చారు. వాళ్ళు ఏడ్చి, ఆగి, ముక్కు చీది, మళ్ళీ ఏడుస్తున్నారు. ఇంద్రజ మాత్రం మొదట ఎత్తిన ఆ ఒక్క ఏడుపు ఇంకా దించలేదు. వాసవాంబ ఆమె వీపు రాస్తూ, "ఊపిరి తీసుకోవే తల్లీ, కాస్త ఊపిరి తీసుకో," అంది. ఇంద్రజకి ఆ అవసరం రాలేదు.