రెండోసారి రక్షణ పొందిన రత్నమాణిక్యం

నా పేరు బేబి. ఇరవై నాలుగేళ్ళొచ్చినా పేరు మారలేదు. రామచంద్రపురంలో మా మందిరంలో నా మాటకున్న విలువా మారలేదు. అలాంటి నన్ను మొన్న ఆదివారం మైకు ముందు సాక్ష్యం చెప్పమన్నారంటే ఏదో అద్భుతం జరిగే ఉండాలి.

జరిగింది, ఉప్పాడలో. మా యూత్ పదకొండు మందిమి వ్యాను మాట్లాడుకుని సువార్త యాత్రకు వెళ్ళాం. ఎక్కడికి వెళ్ళాలో చూపించమని దేవుణ్ణి అడగడానికి పావుగంట పట్టింది, టీషర్టుల రంగు తేల్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. చివరికి నీలం రంగు గెలిచింది. మా నాయకుడు రమేష్ బాబు అన్న. ఆయనకు సెల్‌ఫోన్ల షాపుంది, నశించిపోతున్న ఆత్మల గురించి భారముంది, ఆ భారాన్ని ఎప్పటికప్పుడు లైవ్‌లో చూపించే అలవాటూ ఉంది.

మేం దిగేసరికి పడవలు ఒడ్డుకొస్తున్నాయి, చేపల వేలంపాట మొదలైంది. ఊపిరి సలపని పనిలో ఉన్నవాళ్ళ దగ్గరకెళ్ళి జీవితానికి అర్థమేమిటని అడిగాం. ఒకామె ఎంతో మర్యాదగా, కాస్త జరగండమ్మా, వల తొక్కుతున్నారు అంది. మధ్యాహ్నం దాకా మాకు దొరికిన జవాబు అదొక్కటే. ఎండకి సువార్త భారం కాస్తా బిర్యానీ మీదికి మళ్ళింది.

అప్పుడు దొరికింది రత్నమాణిక్యం. డెబ్బై ఏళ్ళుంటాయి. సముద్రం సగం కోసుకుపోగా మిగిలిన ఇంటి అరుగుమీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని చాప పరిచింది. రమేష్ బాబు అన్న ఆదాము దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ఆమె ఒక్క మాట అడ్డు చెప్పకుండా విన్నది. మోకరించమని ఆయన అనేలోపే కొంగు నెత్తిన కప్పుకుని మోకరించింది. చెయ్యి అందినవాళ్ళం ఆమె తలమీద చెయ్యి పెట్టాం, అందనివాళ్ళు ఫోటోలు తీశారు. అన్న ఓ కీర్తన అందుకుని మూడో వచనం దగ్గర తడుముకుంటుంటే, ఆమె కళ్ళు తెరవకుండానే అందించి, చివరిదాకా అప్పజెప్పింది.

ఇంకెవరైనా అయితే ఈవిడకి ఇదంతా ఎలా వచ్చని అడుగుతారు. మావాళ్ళకు ఆ అవసరం రాలేదు. పరిశుద్ధాత్మ అక్కడికక్కడే నేర్పేశాడని తేల్చేశారు. గిటారు వాయించే దుర్గాసాయి ఏడ్చేశాడు. అన్న లైవ్ పెట్టాడు.

వాళ్ళు వ్యాను దగ్గరకు నడిచాక, మంచినీళ్ళ వంకతో నేను ఆగి ఆమెనే అడిగాను. ఆమె సముద్రం వైపు చెయ్యి చూపించింది. "ఆ అల ఇరుగుతుందే, అక్కడుండేదమ్మా మా మందిరం. నా బాప్తిస్మం, నా పెళ్ళి అన్నీ అందులోనే." ఆరేళ్ళ కింద గోడలతో సహా కూలిపోయిందట. పాస్టరు అయ్యగారు కాకినాడ వెళ్ళిపోయారు, విశ్వాసులు తలో దిక్కూ పోయారు. ఈమెను మోకాళ్ళ నొప్పులు ఎక్కడికీ పోనివ్వలేదు.

"మరి ముందే చెప్పలేదేంటండి?"

"మందిరం పోయాక నా తలమీద చెయ్యేసి ప్రార్థన చేసినోళ్ళు లేరమ్మా. నేను విశ్వాసినేనంటే మీరు వందనాలు చెప్పి పక్కింటికి ఎళ్ళిపోదురు."

నిజమే, వెళ్ళిపోయేవాళ్ళమే. రక్షణ పొందేసినవాళ్ళతో మాకు పనేముంటుంది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

వారం తిరక్కుండా మా మందిరం గేటుకు ఫ్లెక్సీ కట్టారు. అందులో నిలువెత్తు రత్నమాణిక్యం మోకరించి ఉంది. చుట్టూ మా ముఖాలు, వాటన్నిటికన్నా పెద్దది రమేష్ బాబు అన్నది. ఆమెతో ఆఖరున మాట్లాడింది నేనే కనుక సాక్ష్యం నా వంతుకొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకున్నాను. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞను సండే స్కూల్లో తప్పుల్లేకుండా అప్పజెప్పి టిఫిన్ బాక్సు గెలుచుకున్నదాన్ని నేను.

మైకు చేతికొచ్చింది. ముందు వరసలో అమ్మ, కొత్త చీర కట్టుకుని, నాకన్నా ముందే కళ్ళు తుడుచుకుంటోంది. మా అయ్యగారు నేను నోరు తెరవకుండానే ఆమెన్ అన్నారు. "ఆవిడ కీర్తన మొత్తం చెప్పేశారండి," అన్నాను. అది అబద్ధం కాదు. మందిరం హల్లెలూయలతో దద్దరిల్లింది. మిగతాది మింగేసి కూర్చున్నాను. దేవుడున్నాడా అన్న అనుమానం నాకెప్పుడూ లేదు. ఆ చప్పట్ల మధ్య మాత్రం, లేకపోతే బాగుండుననిపించింది. ఉంటే వినే ఉంటాడు కదా.

సోమవారం పొద్దున్నే కాకినాడ బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో ఉప్పాడ వెళ్ళాను. రత్నమాణిక్యం అదే అరుగుమీద ఉంది. జరిగిందంతా చెప్పి, వచ్చే ఆదివారం లేచి నిజం చెప్పేస్తానన్నాను. ఆమె రొయ్యలు పక్కన పెట్టి, తడిచేత్తోనే నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పకు తల్లీ. తెలిస్తే వచ్చే ఏడు ఇంకో ఊరు ఎళ్ళిపోతారు. మళ్ళీ నన్ను రచ్చించడానికి రావాలి గదా."

వచ్చే ఏడు దాకా దేనికని ఆమె తలమీద చెయ్యి పెట్టి అదే కీర్తన అందుకున్నాను. మూడో వచనం దగ్గర నేనూ మర్చిపోయాను. ఆమె అందించింది.