దొరసాని పళ్లెంలో రాళ్లు

కోడలు మేకను చంపడానికి చూస్తోందని అత్తగారికి అనుమానం. అనుమానమేమిటిలెండి, గట్టి నమ్మకమే. పెరట్లోని రేకుల షెడ్డు ఖాళీ అయితే తన కుట్టుమిషన్లు అక్కడ పెట్టుకోవచ్చని కోడలు ఒకసారి నోరు జారింది. ఆ షెడ్డులో ఉండేది దొరసాని, పళ్లు సగం ఊడిపోయిన ముసలి మేక. భర్త పోయాక అత్తగారు మనసు విప్పి మాట్లాడేది దానితోనే. అది కూడా పోతే ఆవిడ గోడు వినే ప్రాణి ఆ ఇంట్లో లేదు.

మోకాళ్ల నొప్పులొచ్చి ఆవిడ కూర్చున్నాక దాని మేత పని కోడలి చేతికి పోయింది. అక్కణ్ణుంచే తేడాలు మొదలయ్యాయి. కరకరలాడే దాణా గుళికల్ని నీళ్లలో నానబెట్టి జావ చేస్తుంది. మేతకోసం దూరే పక్కింటి మేకల్ని బయటికి తోలేసి, దొరసానిని ఒంటరిగా ఉంచి తలుపేస్తుంది. మంచి పని చేసేవాళ్లకు తలుపులు మూయాల్సిన ఖర్మేమిటి? ఒకరోజు ఎవరూ చూడకుండా అత్తగారు ఆ జావను వేలితో తీసి నాలుక్కి రాసుకుంది. చప్పగా ఉంది. రుచి తెలిసేలా మందు పెట్టేంత వెర్రిది కాదులే అనుకుంది.

అది చాలదన్నట్టు, కోడలు మేతపళ్లెంలో పిడికిలంతేసి నున్నటి రాళ్లు పెట్టింది.

"తిండిలో రాళ్లేమిటే?"

"పశువుల డాక్టరు పెట్టమన్నాడత్తయ్యా. దీనికి పళ్లు పోయాయిగానీ ఆత్రం పోలేదు. నమలకుండా మింగితే గొంతుకు అడ్డం పడుతుందట. రాళ్లుంటే సందుల్లో వెతుక్కుంటూ మెల్లగా తింటుంది."

"అలాగా" అంది అత్తగారు. రాళ్లు పెట్టమనే డాక్టరు ఎక్కడైనా ఉంటాడా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతోంది?

మర్నాడు కోడలు స్నానానికి వెళ్లగానే ఆవిడ గోడ పట్టుకుని షెడ్డులోకి వెళ్లింది. రాళ్లు తీసి అవతల పారేసింది. జావ ఒలకబోసి, పళ్లెం నిండా పొడి గుళికలు పోసింది. "తిను తల్లీ, కడుపునిండా తిను" అంది. దొరసాని ఎగబడి మింగింది. మింగుతూ మింగుతూ మెడ ముందుకు చాచి దగ్గింది. నోట్లోంచి, ముక్కులోంచి నురగ కారింది.

ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి మేక మూతి ఎత్తింది. తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చిన కోడలు చెంబు లాగేసుకుంది.

"గుక్కెడు నీళ్లు కూడా పోయనివ్వవా? ఎంతకు తెగించావే!"

"ఇప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అంటూ కోడలు పళ్లెం తీసేసి, మేక తల కిందికి వంచి పట్టుకుంది. డాక్టరుకు ఫోన్ చెయ్యమని మొగుణ్ణి కేకేసింది.

డాక్టరు వచ్చి గొట్టం వేసి అడ్డం తీశాడు. దొరసాని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాక ఆయన పళ్లెం చూసి మొహం చిట్లించాడు.

"గుళికలు నానబెట్టమన్నానుగా. రాళ్లు పెట్టమన్నానుగా. ఇంకోసారి ఇలా అయితే ఇది దక్కదు."

ఆయన వెళ్లగానే కొడుకు పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. "నీకు షెడ్డు కావాలి, దాని ప్రాణం పోయినా ఫర్వాలేదు. అంతేగా?"

అవి అత్తగారి మాటలే. పూటపూటా వాడి చెవిలో పోసింది తనే. కోడలు మేక మూతి తుడుస్తూ తలెత్తలేదు. అత్తగారికి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది కూడా.

"అది కాదురా, నేనే. రాళ్లు తీసిందీ, గుళికలు పోసిందీ నేనే" అంది.

కొడుకు తెల్లమొహం వేసి లోపలికి వెళ్లిపోయాడు. ఆవిడ కోడలి పక్కన కూలబడింది.

"నేనేనని నీకు ముందే తెలుసా?"

"ఇంకెవరున్నారత్తయ్యా ఇంట్లో?"

"మరి వాడు అన్నేసి మాటలంటుంటే చెప్పొచ్చు కదే."

"రాళ్ల సంగతి మీకు చెప్పాను" అంది కోడలు. "నమ్మారా?"