రెండో మనిషి

"మా గైడ్ సార్‌కు సర్వపిండి అంటే పాణం. జెర ఎక్కువ చెయ్యి," అన్నాడు శివశంకర్, తన పరిశోధన సెమినార్ రోజు పొద్దున. పీహెచ్‌డీ చేసేది అతను, పిండి కలిపేది భార్య మహిత. కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో సెమినార్ ఇచ్చేవాళ్లే టిఫిన్ తేవాలని ఆనవాయితీ. పెళ్లయినవాళ్ల సెమినార్లకు జనం ఎక్కువ వస్తారట. ఎందుకు రారు!

పటాన్‌చెరు ఫ్యాక్టరీల కార్మికులు ఫోన్లో చెప్పుకున్న ఫిర్యాదులు విని, ఏది ప్రమాదమో ఏది ఉత్త విసుగో కంప్యూటర్ తేల్చాలి. అదీ అతని పరిశోధన. ముందు మనుషులు విని, గుర్తులు పెట్టి దానికి నేర్పాలి. ఆరువేల రికార్డింగులు. ఇద్దరు మనుషులు ఒకరిది ఒకరు చూడకుండా పెట్టాలని నియమం. మొదటిసారి మహిత పెట్టింది, కుక్కర్ కూతల మధ్య. రెండోసారి అతను పెట్టాలి. "ఇంకోపాలి గూడ నువ్వే పెట్టు. ఇంట్ల నీకు పనేముంది?" అన్నాడు. కోడలు పొద్దంతా ఫోన్లో పాటలు వింటుందని అత్త రాజవ్వ లక్డారం ఊళ్లోని చుట్టాలందరికీ చాటింది. బీటెక్‌లో మహిత క్లాసు ఫస్టు. పరిశోధన వ్యాసంలో తన పేరు కూడా వేయమని ఒక్కసారి అడిగితే శివశంకర్ పడీ పడీ నవ్వాడు. "కూరగాయలు కోసినోళ్ల పేర్లు పెండ్లి కార్డుల ఏస్తరానే?"

మహిత సెమినార్ హాల్లో వెనక నిలబడి ప్లేట్లు సర్దుతోంది. తెర మీద అంకె వచ్చింది: ఇద్దరి గుర్తులూ కలిసింది తొంభై ఏడు శాతం.

"ఇద్దరు మనుషులు గింతగనం కలుస్తరా? ఎవరయ్యా వాళ్లు?" అన్నారు గైడ్ సార్.

"ఒకణ్ని నేనే సార్. ఇంకొకరు కిరాయికి పెట్టిన మనిషి."

సార్ ఒక రికార్డింగ్ పెట్టించారు. "బాయిలర్ కాడ వాసనొస్తుంది సార్... పోనీ తియ్," అంది ఒక అలసిన గొంతు.

"ఆయననే పోనీ తియ్ అన్నడు గద. నువ్వెందుకు ప్రమాదమని పెట్టినవ్?"

శివశంకర్ వెనక్కి చూశాడు. అన్నం ముందు కూర్చుని ఉప్పు కోసం చూసే చూపే అది.

"సార్," అంది మహిత. "ఆ గొంతు అంతకుముందు ఇంకో రెండు రికార్డింగుల్లో గట్టిగా చెప్పింది. ఎవరూ వినలేదు. చెప్పీ చెప్పీ ఇగ చెప్పుడు బంద్ చేస్తున్నడు. అదే ప్రమాదం."

హాలంతా వెనక్కి తిరిగింది. "మీరెవరమ్మా?"

"మా ఇంటామె సార్, టిఫిన్ తెచ్చింది," అన్నాడు శివశంకర్ గబగబా.

మహిత చేతికంటిన నూనెను నింపాదిగా తుడుచుకుంది.

"మొదటి మనిషిని సార్. రెండో మనిషిని గూడ నేనే."